లైను పోయిన ముప్పై అయిదు నిమిషాలు

పది దాటి ఆరు నిమిషాలకు మూడోసారి అదే అడ్రసు కొట్టాడు. మూడోసారీ అదే తెల్లటి పేజీ, నడుమ ఆ చిన్న చక్రం గిరగిరా తిరగడం, తిరిగి తిరిగి విసిగి, ఈ చోటు అందడం లేదని చేతులెత్తేయడం. అందకపోవడమేమిటి, కళ్లెదుట ఉంటే! బల్ల దగ్గర లేచి నిలబడి చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో, కిటికీ పక్క గోడకు వేలాడుతోంది నల్లటి మోడెమ్, నాలుగు పచ్చదీపాలు వెలిగించుకుని, ఏ పాపమూ ఎరగనట్టు. వీధి తీగ దాంట్లోకే వస్తుంది, దాంట్లోంచే ఇంట్లోకి వస్తుంది. దానికి తనదంటూ ఒక చిన్న పేజీ ఉంది. అది తెరిస్తే లైను ఎలా ఉందో, ఎప్పటినుంచి తెగకుండా ఉందో అన్నీ అదే చెబుతుంది. అతనికి అన్నీ అక్కర్లేదు. ఒక్క అంకె చాలు. లైను తెగకుండా ఎన్ని రోజులైంది? ఇరవై ఒకటి అని ఉంటే ఆ రోజు తెగింది నిజంగా లైనే. అంతకు మించి ఉంటే లైను తెగలేదు. తెగింది ఇటువైపు, ఈ ఇంటివైపు, అతను తన చేతులతో నిలబెట్టిన ఫైర్‌వాల్ అనే కాపలాపెట్టె దగ్గర. ఇరవై ఒకటికి తక్కువుంటే ఏమీ తేలదు, ఎప్పటికీ తేలదు. తక్కువే ఉండనీ అని లోపల ఒకటి నసిగింది. దాని మొహం చూడకుండా అవతలికి నెట్టాడు.

ముట్టుకుంటే పని కాదు. మామూలుగా అయితే ఇంత యాతన అక్కర్లేదు, గోడ మీది డబ్బాలోంచి తీగ లాగి లాప్‌టాప్‌కు పెట్టుకుంటే పేజీ దానంతటదే తెరుచుకుంటుంది. కానీ దాని కరెంటు పిన్ను వదులు. మడిచిన అట్టముక్క దోపి ఎలాగో నిలబెట్టాడు, తుడుపుగుడ్డ తగిలితే చాలు ఆరిపోతుంది. ఆరిందంటే లోపల గుర్తు పెట్టుకున్నదంతా హరీ. మళ్లీ వెలిగేసరికి నిన్నా మొన్నా తెలియని పసిగుడ్డు, ఒకటి నుంచి లెక్క మొదలు. ఊళ్లో వాళ్ల కంప్యూటర్లన్నీ బాగుచేసే మనిషి తన ఇంట్లో పిన్ను మార్చుకోవడానికి ఏడాదిగా తీరిక చేసుకోలేదు. పదకొండు గంటలకు కంపెనీ మనిషి వచ్చి ఈ మోడెమ్ విప్పి పట్టుకుపోతాడు, కొత్తది పెడతాడు. మేనకోడలు పట్టుబట్టి రప్పిస్తోంది. కాబట్టి తాకకుండా, ఫైర్‌వాల్ వెనక ఇక్కడ కూర్చుని, దాని ముందుకు దారి చేసుకోవాలి. యాభై నాలుగు నిమిషాలు. కాదు, యాభై మూడు.

పక్కగదిలో అలమార తలుపు తెరిచి మూసిన చప్పుడు. మేనకోడలు అక్క బట్టలు మడత పెడుతోంది. మడత పెట్టినవే విప్పి మళ్లీ మడత పెడుతోందని అతనికి తెలుసు, నిన్నా అదే చేసింది, ఒక్క చీర కూడా అలమారలోంచి బయటికి రాలేదు. ఇరవై ఒక్క రోజుల కిందట ఒక మధ్యాహ్నం వంటగదిలో అక్క కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది, లోపల ఎక్కడో రక్తం పోవడం మొదలైంది. చేతికి ఉన్న మీట నొక్కింది. గడియారంలాంటి పట్టీకి ఎర్రటి మీట. నొక్కితే ఇంటి ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో కూర్చున్నవాళ్లకు తెలిసి, వాళ్లు ఆంబులెన్స్‌ను పంపాలి, తమ్ముడికి ఫోన్ చేయాలి. ఎవరికీ ఏదీ తెలియలేదు. నాలుగింటికి పక్కింటి కుట్టుపనావిడ కత్తెర తిరిగివ్వడానికి వచ్చి చూసింది. అక్క స్పృహలోనే ఉందట. నేల మీద వెల్లకిలా, తలకింద ఎడమచెయ్యి పెట్టుకుని, కబురు చేశానమ్మా, రెండున్నర కాకముందే నొక్కాను, వస్తుంటారు, కంగారు పడకు అని ఆవిడకే ధైర్యం చెప్పిందట. రెండు రోజులకు పోయింది. ఒక గంట ముందు తెచ్చి ఉంటే, అన్నాడు డాక్టరు, అని వాక్యం పూర్తి చేయకుండా చేతిలో కాగితం వైపు చూసుకున్నాడు. ఆ పూర్తికాని వాక్యాన్ని ఆసుపత్రి మెట్ల మీద మేనకోడలు ఇతని వైపు తిప్పింది. ఎందుకు అందలేదు మామయ్యా? ఇతను ఒక్క క్షణం కూడా ఆగలేదు. లైను పోయిందమ్మా, అన్నాడు. ఎవరో తన నోట్లో పెట్టి పంపినంత తేలిగ్గా.

అబద్ధం ఆడలేదు. ఫైర్‌వాల్ తన చిట్టాలో రాసుకుంది కదా, రెండూ ఆరుకు అవతలి నుంచి జవాబు లేదు, రెండూ నలభై ఒకటికి వచ్చింది. ముప్పై అయిదు నిమిషాలు. ఆ రోజు సన్నగా చినుకులు కూడా పడుతున్నాయి, చినుకు పడితే ఈ వీధిలో లైను పోవడం కొత్తేమీ కాదు. కాకపోతే అవతలి నుంచి జవాబు లేదు అన్నది ఎవరు? ఫైర్‌వాల్. మాట వినపడలేదని చెవిటివాడూ అంటాడు, అవతలివాడు మాట్లాడకపోయినా అంటారు. ఈ రెండిట్లో ఏది అన్నది ఇక్కణ్నుంచి తేలదు, గోడ మీది డబ్బాను అడిగితే తప్ప. ఇరవై ఒక్క రోజులుగా అడగలేదు. కర్మకాండలున్నాయి, వచ్చేపోయే జనం ఉన్నారు, పనులున్నాయి అనుకున్నాడు. అడగాలంటే భయమేసింది, అదీ సంగతి.

సరే, పని చూడు. ఎందుకు అందడం లేదు? అందకపోవడానికి కారణం ఫైర్‌వాల్ తెలివితక్కువతనం కాదు, విధేయత. బల్లకింద బూట్ల పెట్టె అంత ఉన్న ఆ పెట్టెకు తెలిసిన లోకం రెండే ముక్కలు. ఇంట్లోవి తన పిల్లలు. మిగతాదంతా బయట. మోడెమ్ అడ్రసు ఇంటి అడ్రసుల్లో లేదు కాబట్టి అది బయటిదే అనుకుని, అడిగిన మాటను మూటగట్టి, మోడెమ్ పొట్టలోంచే దాటించి, కంపెనీవాళ్ల దాకా మోసుకెళ్లి అక్కడ పారేస్తోంది. గుమ్మం ముందు కూర్చున్నవాడి కోసం ఊరంతా వెతికి వస్తోంది. దానికి ఇంకో అడ్రసు ఇవ్వాలి, మోడెమ్ వైపు తీగ మీద, మోడెమ్ పక్కింటి అడ్రసు లాంటిది. అప్పుడు ఓహో ఈ డబ్బా ఇక్కడే ఉందా అని తెలుస్తుంది. ఫైర్‌వాల్ పేజీ తెరిచాడు, బయటి తీగ దగ్గర రెండో అడ్రసు చేర్చాడు, చివరి అంకె రెండు. వేళ్లు వాటంతటవే పనిచేసుకుపోతున్నాయి, గ్రంథాలయంలో ఇరవై ఏళ్లుగా ఇదే పని, చదివేవాళ్ల కంప్యూటర్లు, జాబితా కంప్యూటర్లు, ఎప్పుడూ ఏదో ఒకటి మొరాయిస్తూ ఉంటుంది. అక్కడ మాత్రం ఏ మార్పు చేసినా అరగంట కూర్చుని చూసేవాడు. అరగంట. ఆ మాట దగ్గర చెయ్యి ఆగింది, తర్వాత కదిలింది.

తాళాలోడా అనేది అక్క. చిన్నప్పుడు పెన్సిళ్ల పెట్టెకు తాళం వేసుకున్న ఘనుడు. ఆ తాళంచెవి ఎక్కడ పోగొట్టుకుంటాడోనని ఇంకో పెట్టెలో పెట్టి, దానికీ తాళం వేసి, ఆ రెండోది పోగొట్టుకుని, పరీక్ష రోజు పొద్దున గుమ్మంలో కూర్చుని బావురుమంటే, అక్క తల్లోంచి పిన్ను తీసి రెండు తాళాలూ రెండు నిమిషాల్లో ఊడదీసి, దొంగలు నీకన్నా తెలివైనవాళ్లురా, ఏడవక బడికి పో అంది. అక్కది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. ముప్పై ఏళ్లు చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, ఎవరో ఎవరినో అడిగితే కలిపింది. పెళ్లి సంబంధాలూ చావు కబుర్లూ ఆమె వేళ్ల మీదుగానే పోయాయి, ఒక్కటీ ఇంటికి తెచ్చేది కాదు. ఒక్కమాట మాత్రం అనేది, మనిషి పిలిస్తే జవాబివ్వాలిరా, లేరు అని చెప్పినా సరే, పిలిచినవాణ్ణి ఖాళీ తీగ మీద వదలకూడదు. భర్త పోయాక ఈ ఇంటికి వచ్చేసింది. ఇతనికి పెళ్లీ పెటాకులూ లేవు, ఇద్దరికీ సరిపోయింది. నాలుగేళ్ల కిందట ఇతను ఈ ఫైర్‌వాల్ పెట్టినప్పుడు చుట్టూ తిరిగి చూసి, మనింట్లో దోచుకోవడానికి ఏముందిరా, నా మోకాళ్ల నొప్పులా, అని నవ్వింది. మీట కొనేటప్పుడు సిమ్ కార్డుతో నడిచే రకం కూడా ఉందని కొట్టువాడు చెప్పాడు. ఇతనే వద్దన్నాడు. మా ఇంట్లో సెల్ సిగ్నల్ వచ్చి చస్తేగా, నా లైనుకు మాత్రం ఢోకా లేదు, అన్నాడు. నా లైను అన్నాడు. ఆ నా అన్న అక్షరం ఇప్పుడు పంటికింద రాయిలా తగిలింది.

మళ్లీ అడ్రసు కొట్టాడు. చక్రం తిరిగింది. ఈసారి మాట మోడెమ్ దాకా వెళ్తోంది, తెలుస్తూనే ఉంది, ఫైర్‌వాల్ లెక్కలో పంపినవి పదకొండు, వచ్చినవి సున్నా. వెళ్లినవి వెళ్లినట్టే ఉన్నాయి, ఒక్కదానికీ జవాబు రాదు. పది ఇరవై రెండు. ఎందుకు పలకదు? వినపడుతోంది దానికి. కాసేపు తల పట్టుకున్నాడు, తర్వాత నవ్వొచ్చింది, ఎవరైనా కుర్ర ఉద్యోగి ఈ తప్పు చేస్తే మొట్టికాయ వేసేవాడు. మోడెమ్‌కు జవాబు పంపే దారి తెలియదు. అడిగింది లాప్‌టాప్. లాప్‌టాప్ అడ్రసు ఇంటిలోపలి అడ్రసు. ఆ వీధి పేరే మోడెమ్ ఎప్పుడూ వినలేదు. జవాబు రాసి చేత్తో పట్టుకుని ఎటు వేయాలో తెలియక పారేస్తోంది. చిన్నప్పుడు పెరటిగదిలో అద్దెకున్నప్పుడు వాళ్ల వాటాకు నంబరు లేదు, ఉత్తరాలన్నీ ముందువాటా గడియారాలు బాగుచేసే ఆయన కేరాఫ్ వచ్చేవి. అక్కకు ఉద్యోగం వచ్చిన కాగితం కూడా ఆయన కేరాఫే వచ్చింది. గుమ్మంలో నిలబడి ఏమ్మా, నీ భవిష్యత్తు నా గడియారాల మధ్య పడి ఉంది, వచ్చి తీసుకో అని కేకేశాడాయన. ఇక్కడా అంతే. లాప్‌టాప్ తన పేరుతో అడగకూడదు. ఫైర్‌వాల్ తన పేరు మీద, ఇందాక ఇచ్చిన ఆ పక్కింటి అడ్రసు మీద అడగాలి, జవాబు తనకు వచ్చాక లోపలికి అందించాలి. దానికి ఇంకో రూల్ రాశాడు.

మేనకోడలు కాఫీ తెచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఇంకా ఆఫీసు పనేనా మామయ్యా?"

"కాదమ్మా. ఊరికే, లైను సంగతి చూస్తున్నా."

"చూడ్డానికేముంది, మన ఫిర్యాదు చూసి కంపెనీవాళ్లే ఒప్పుకున్నారు. పొద్దున ఫోన్ చేశారు. ఈ వీధి లైను చూసే అతన్ని పని నుంచి పక్కన పెట్టారట. విచారణ అయ్యేదాకా రానక్కర్లేదన్నారట. మంచి పనయింది. అమ్మ అలా నేలమీద పడుంటే, వాడెక్కడ తిరుగుతున్నాడో."

ఇతను కాఫీ గ్లాసు ఎత్తాడు, మూతి కాలింది, కాలినట్టు తెలియనివ్వకుండా మింగాడు. ఆ లైనతను ఇతనికి తెలుసు. పొట్టిగా, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడిచే మనిషి. నిచ్చెన భుజాన వేసుకుని సైకిలు మీద పోతూ కనపడితే, సార్ మీ లైను బాగుందా అని అడిగి జవాబు వినకుండానే వెళ్లిపోయేవాడు. ఒకసారి అక్క పిలిచి మంచినీళ్లిస్తే తాగి, అమ్మగారూ మీ తమ్ముడుగారి పెట్టెలు చూస్తుంటే మా ఎక్స్ఛేంజి గుర్తొస్తుంది అన్నాడు. అప్పట్నుంచి అక్క అతణ్ని మావాడు అనేది, ఇద్దరిదీ ఒకే కంపెనీ కాకపోయినా.

మేనకోడలు వెళ్లిపోయింది. పది ముప్పై ఒకటి. మళ్లీ కొట్టాడు. చక్రం కూడా తిరగలేదు ఈసారి, కొట్టీ కొట్టగానే ఠక్కున మూసేసింది, మొహం మీద తలుపు వేసినట్టు. ఎవరో అడ్డుపడుతున్నారు. ఎవరు? రూల్స్ జాబితా పైనుంచి కిందికి చూశాడు. అక్కడుంది, ఎర్రగా, పైనుంచి మూడోది. ఇంట్లోని ఏ కంప్యూటరూ బయటి తీగ వైపున్న మోడెమ్ లాంటి డబ్బాల సొంత అడ్రసులతో మాట్లాడరాదు. పక్కన గమనిక గడిలో అతని మాటలే, నాలుగేళ్ల కిందటివి. దీన్ని ఎప్పుడూ తీయకూడదు. తేదీ కూడా వేశాడు. ఎంత గర్వంగా రాసి ఉంటాడు, కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ ఇంటి దొరే తనను తాను పట్టుకోకుండా తలుపులన్నీ బిగించి పెట్టాడు. మూడు గోడలు, మూడూ తనవే. కంపెనీవాళ్లు ఒక్క ఇటుక కూడా పేర్చలేదు.

ఆ రూల్ తీయడానికి ఒక్క నొక్కు చాలు. నొక్కలేదు. కిటికీలోంచి ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పటి గాలికి పొంగడం, పడిపోవడం చూస్తూ కూర్చున్నాడు. తనకు తెలుసు కదా. తెలియదని ఎవరి దగ్గర నటన, ఈ గదిలో ఎవరున్నారు? ఆ పొద్దున ఫైర్‌వాల్‌కు కొత్త వర్షన్ ఎక్కించాడు. ఎనిమిది దాటి అయిదు నిమిషాలకు. ఎక్కించాక అరగంట కూర్చుని చూడాలి, గ్రంథాలయంలో అయితే చూసేవాడు, అక్కడ పదిమంది అడుగుతారు. ఇల్లే కదా అనుకున్నాడు. దీపం పచ్చగా వెలిగింది, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్లిపోయాడు. అక్క పోయిన నాలుగో రోజు, అందరూ నిద్రపోతుంటే ఆ వర్షన్ తయారుచేసినవాళ్ల పేజీ చదివాడు. కింద, చిన్న అక్షరాల్లో, కొన్ని పెట్టెల్లో మొదటి ఆరు గంటల తర్వాత కనెక్షన్ ఒకసారి బిగుసుకుపోవచ్చు, అరగంటలో అదే సర్దుకుంటుంది, ముందుగానే ఒకసారి ఆపి వెలిగిస్తే రాదు. ఎనిమిదీ అయిదు, దానికి ఆరు గంటలు కలిపితే. కలపలేదు. ఆ పేజీ మూసేశాడు, చూసినట్టు కూడా ఎక్కడా మిగలకుండా బ్రౌజర్ హిస్టరీలోంచి తుడిచేశాడు. తర్వాత వారం రోజులు ఎవరు లైను అన్నా ఇతనే ముందు అందుకుని కంపెనీని తిట్టాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఫిర్యాదు కాగితం మేనకోడలు రాస్తుంటే సాంకేతిక పదాలు ఈ నోటితోనే చెప్పాడు, తడబడకుండా.

అయినా లైనే పోయి ఉండొచ్చు. చినుకులు పడ్డాయి. ఆరు గంటలన్నది కాకతాళీయం కావచ్చు, లోకంలో ఎన్ని జరగవు. ఆ సందేహం ఉన్నంతసేపే ఊపిరి ఆడుతోంది, ఆ సందేహాన్నే ఇప్పుడు చంపబోతున్నాడు. వద్దు, వదిలెయ్. ఇంకో పాతిక నిమిషాలు ఊరికే కూర్చుంటే చాలు, కంపెనీ మనిషి వచ్చి దాన్ని విప్పుతాడు, అంకె గాల్లో కలిసిపోతుంది, లైనే పోయిందని అందరితో పాటు తనూ నమ్మవచ్చు. ఏళ్లు గడిస్తే నిజంగానే నమ్ముతాడు. ఎవరికి నష్టం? అక్క తిరిగి రాదు. కాలు ఈడ్చే మనిషి ఒకడు ఇంట్లో కూర్చుని ఉంటాడు, అంతే, విచారణ, వాళ్లావిడ ఏమంటుందో, సార్ మీ లైను బాగుందా. బాగుందా? ఆ ప్రశ్నకు ఒక్కనాడూ జవాబు చెప్పలేదు తను. నొక్కాడు. ఎర్రగీత బూడిదరంగులోకి మారింది.

పేజీ తెరుచుకుంది. అంత యాతనకు అంత సాదాసీదా పేజీ, నీలం అంచు, పాతకాలం అక్షరాలు, రహస్యపదం అడిగితే కొన్ననాటిదే కొట్టాడు, లోపలికి రానిచ్చింది. మొదటి వరుసలోనే ఉంది. లైను తెగకుండా నిలిచిన కాలం, ముప్పై మూడు రోజుల నాలుగు గంటలు. ఒకసారి చదివాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ చదివాడు. నాలుగు గంటల పన్నెండు నిమిషాలు, చూస్తుండగానే పదమూడైంది. ముప్పై మూడులోంచి ఇరవై ఒకటి తీసేయడానికి వేళ్లు మడిచాడు, వేళ్లు చాలలేదు, మళ్లీ మొదలుపెట్టాడు. పన్నెండు. అక్క పడడానికి పన్నెండు రోజుల ముందు నుంచి ఈ క్షణం దాకా లైను రెప్ప వేయలేదు. ముప్పై మూడు రోజుల కిందట ఏం జరిగిందో గుర్తుంది, అదొక ఆదివారం, పొద్దున్నే అక్క దుమ్ము తుడుస్తూ పిన్ను కదిలించేసి, నాలుక కరుచుకుని, ఒరేయ్, నీ డబ్బా ఆర్పేశాను, తిట్టకు అంది. ఆ చెయ్యి తగిలినప్పుడు మొదలైన లెక్క ఇది. చినుకులు పడిన రోజు కూడా, రెండూ ఆరుకు కూడా, తీగ నిండుగా ఉంది, అవతల మనుషులు మేలుకుని కూర్చుని ఉన్నారు, మీట మాట బల్ల కింద దాకా వచ్చి ఆగిపోయింది. కంచే చేను మేసింది. అతనికి ఏడుపు రాలేదు. సిగ్గేసింది, ఒళ్లంతా, చెవుల దాకా, ఎవరో బట్టలు లాగేసినట్టు. ఆ తర్వాత భయమేసింది, మేనకోడలంటే. ఇంకెవరూ లేరు అతనికి ఆ పిల్ల తప్ప. అక్కే ఆ పిల్ల మొహంలో మిగిలి ఉంది, ఆ కనుబొమలు, ఆ కోపం.

గేటు చప్పుడైంది. పదకొండుకు ఇంకా పదిహేను నిమిషాలుంది, ముందే వచ్చాడు. తలుపు దగ్గర మేనకోడలి గొంతు లేచింది, ఇంత త్వరగా ఎలా వచ్చారు బాబూ, ప్రాణం పోయాకైతే మీకు కాళ్లొస్తాయా? వచ్చినవాడు కుర్రాడు కాదు, నడివయసు మనిషి, అలసిన గొంతు. నేను ఈ వీధి వాణ్ణి కాదు మేడమ్, ఇక్కడ చూసే అతన్ని ఆపేశారు, నన్ను పంపారు, నాకేం తెలియదు, పాతది విప్పి కొత్తది పెట్టమన్నారు. ఆ మాటలు వింటూ ఇతను ఎప్పుడు లేచాడో తెలియదు, కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు, చెయ్యి గోడ మీద ఉంది, వేలు అట్టముక్క అంచున ఉంది. తన వేలే. గోరు కింద సిరా మరక. కొంచెం, వెంట్రుకవాసి కదిలిస్తే చాలు, ఎవరూ తప్పనరు, వదులు పిన్ను, పాత డబ్బా, ఎలాగూ విప్పేదే. పచ్చదీపాల వెలుగు చేతి మీద పడి చర్మం పాచి పట్టినట్టు కనిపించింది. ఎంతసేపు నిలబడ్డాడో, ఆ గొంతులు వరండాలోంచి హాల్లోకి, హాల్లోంచి గుమ్మంలోకి వచ్చేదాకా నిలబడ్డాడు.

"ఇదేనా సార్?" అంటూ వచ్చినతను సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"ఆగండి," అన్నాడు ఇతను, చెయ్యి వెనక్కి తీసుకుని. వచ్చినతనికీ గోడకూ మధ్య నిలబడ్డాడు. "ఆగండి. దాన్ని ముట్టుకోకండి. ముందు ఈ పేజీ ఫొటో తీసుకోండి. మీ ఆఫీసులో చూపించాలి."

అతను వంగి లాప్‌టాప్ చూశాడు. కంపెనీవాళ్లకు ఇలాంటి పేజీ చదవడం వచ్చు, వివరించనక్కర్లేదు. ముప్పై మూడు దగ్గర అతని పెదాలు కదిలాయి, మేనకోడలి వైపు ఒకసారి, ఇతని వైపు ఒకసారి చూసి, ఫోన్ తీసి రెండు ఫొటోలు తీసుకున్నాడు.

"ఏమిటది?" అంది మేనకోడలు.

"లైను పోలేదమ్మా. అసలు పోలేదు. ఆ లైనతని తప్పేమీ లేదు." ఇంకా ఉంది, చెప్పాలి, చెప్పకపోతే ఇప్పుడు చెప్పింది కూడా అబద్ధమే అవుతుంది. "ఆగిపోయింది నా ఫైర్‌వాల్. ఆ పొద్దున కొత్తది ఎక్కించి, చూసుకోకుండా పోయాను. నాకు అనుమానం ఉంది, నాలుగో రోజు నుంచీ ఉంది. అయినా నీచేత ఫిర్యాదు రాయించాను."

వచ్చినతను సంచి తీసుకుని, నేను వరండాలో ఉంటాను సార్ అని మెల్లగా బయటికి నడిచాడు. మేనకోడలు అరుస్తుందనుకున్నాడు. అరవాలని కోరుకున్నాడు. ఆ పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుంది, బల్ల మీద చేతులు పెట్టుకుని ఆ అంకె వైపు చూస్తూ ఉండిపోయింది. లాప్‌టాప్‌లో నిమిషాలు మారుతున్నాయి. బయట దుప్పటి ఎవరో తీసుకెళ్లిపోయారు, తాడు ఖాళీగా ఊగుతోంది. ఏదైనా అను తల్లీ, అని లోపల బతిమాలుకున్నాడు. ఆ పిల్ల అంకె మీంచి కళ్లెత్తి అంది, కోపం లేకుండా, లెక్క తేలని పిల్ల అడిగినట్టు.

"రెండూ నలభై ఒకటికి మళ్లీ వచ్చేసిందిగా మామయ్యా?"

"వచ్చింది."

"అమ్మ నాలుగింటి దాకా మెలకువగానే ఉంది. కుట్టుపని ఆంటీతో మాట్లాడింది కూడా. మరి ఇంకోసారి ఎందుకు నొక్కలేదు? ఇంకొక్కసారి నొక్కితే వెళ్లిపోయేదిగా?"

కూర్చోవడానికి ఆ గదిలో ఇంకో కుర్చీ లేదు. గోడకు ఆనుకున్నాడు.

"నేను వద్దన్నానమ్మా," అన్నాడు. "మీట తెచ్చిన రోజు సరదాకి నాలుగైదుసార్లు నొక్కితే అవతలివాళ్లు విసుక్కున్నారు. నేను కోప్పడ్డాను. ఒక్కసారి నొక్కి ఊరుకో అక్కా, ఎవరో ఒకరు వస్తారు అన్నాను. సరేనంది."